ఒక ట్యూబు బందైంది

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, వైశాఖం, ఆదివారం సాయంత్రం. ఉన్నవాళ్లు: నేను, ఇంటావిడ, చిన్నకొడుకు, చిన్నకోడలు.

ఆనాటి డైరీలో అంతకు మించి రాయడానికి చెయ్యి రాలేదు. నిన్న పెద్దకొడుకు కూతురు జీవశాస్త్రం పుస్తకం ముందేసుకుని గర్భాశయం బొమ్మ గీస్తూ, నాళాలు రెండూ సమానంగా వచ్చాయా తాతా అని ఏ బెరుకూ లేకుండా అడిగేసరికి, మిగిలిందంతా కళ్ల ముందుకొచ్చింది.

చిన్నకొడుక్కు దేవరకొండ బస్టాండు దగ్గర పంక్చర్ దుకాణం. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరని కోడలిని నల్లగొండలో దవాఖానకు తీసుకెళ్తే, డాక్టరమ్మ పరీక్ష చేసి ఒక ట్యూబు మూసుకుపోయిందంది. మావాడు ఆ ఒక్క మాట పట్టుకుని, ట్యూబు పోయాక ఇంకేముందని తేల్చేసుకున్నాడు. కోడలిని పుట్టింటికి పంపేసి వాడికి వేరే పెళ్లి చేయాలని ఇంటావిడ తిరుమలగిరిలో ఒక పిల్లను మాట్లాడింది. తెల్లారితే చూడటానికి పోవాలి.

మామ కోడలి ముందు ఇలాంటి సంగతులెత్తడం మా ఇళ్లలో లేదు. కానీ ఆ పిల్ల తలుపు పక్కన కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, ఇక సిగ్గుపడి కాపాడుకునేదేముంది అనిపించి, బడిపంతులుగా చేసిన అలవాటుకొద్దీ సుద్దముక్కతో నేల మీద గీశాను. నడుమ తలకిందుల జామపండులా గర్భసంచి, రెండు పక్కలా రెండు నాళాలు, వాటి కొసల దగ్గర అండాశయాలు. నెలకొక గుడ్డు వెలువడి నాళంలోకి వస్తుందని, మగవాడి బీజం దాన్ని కలిసేది అక్కడేనని, ఒక దారి మూసుకున్నా రెండోది బాగుంటే కడుపు నిలవవచ్చని, పరీక్ష మగవాడికీ చేయాలని, ఎక్కడ ఆపితే ఎవరు లేచి వెళ్లిపోతారోనన్న భయంతో చెప్పుకుంటూ పోయాను.

"నాకేం పరీక్ష బాపూ? మీసాలు కనబడుతలేవా?" అన్నాడు కొడుకు.

"ఒక్క ట్యూబు పోతే బండే పారెయ్యమంటవా? గిరాకీలకు గట్లనే చెప్తవా నువ్వు?" అంది కోడలు. నా ఎదుట ఆమె గొంతెత్తడం అదే మొదలు.

"ముసలాయనకు మతి పోయింది. కోడలి ముంగట గివేం బొమ్మలు?" అంటూ ఇంటావిడ చీపురు తెచ్చి నేలంతా ఊడ్చేసింది.

ఇప్పుడు ఆ మాటలు బడిలోనే నేర్పుతున్నారు, పిల్లలు నోరారా పలుకుతున్నారు. మా తరం వాళ్లం రోగం కన్నా దాని పేరుకే ఎక్కువ జడిశాం. ఆ జంకులో ఎందరాడవాళ్లు పుట్టింటి దారి పట్టారో.

మర్నాడు పొద్దున కొడుకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గడప దాటబోతే, కోడలు పట్టుచీర కట్టుకుని ముందే వాకిట్లో నిలబడి ఉంది.

"నేను గూడ వస్త. నాకు పరీక్షయింది, గీయనకు కాలేదని ఆ పిల్లకు చెప్పాలె గద."

కొడుకు తల్లి ముఖం చూశాడు. ఇంటావిడ గోడ వైపు చూసింది. ఆ పూట తిరుమలగిరికి ఎవరూ పోలేదు; కొడుకు పరీక్షకని నల్లగొండ దవాఖానకూ పోలేదు.