నేను పెట్టని ఆకు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇది జరిగాక కూడా నమ్మడం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే, చివర్లో ఎవరూ "చూశావా, నువ్వూ దారికొచ్చావు" అనకుండా ఉంటారు. నేను దారికి రాలేదు.

మా నాన్న నర్సాపురం దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టరు. దయ్యం పట్టిందంటూ మనుషుల్ని మా ఇంటికి తీసుకొచ్చేవాళ్ళు. నాన్న ప్రార్థన చేసి, మజ్జిగ తాగించి, సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందని అడిగేవాడు. చాలామందికి తిండో నిద్రో కరువై ఉండేది. అది చూస్తూ పెరిగాను కాబట్టి ఇలాంటి కథలంటే నాకు భయం కంటే చిరాకు ఎక్కువ.

మెల్‌బోర్న్‌లో ఇంటీరియర్ డిజైన్ చదవడానికి వచ్చినప్పుడు వెర్రిబీలో గ్రేస్ ఆంటీ వాళ్ళింట్లో ఉండేదాన్ని. ఆంటీ మా నాన్న సంఘంలో పెరిగిన మనిషి. వృద్ధుల హోమ్‌లో నర్సు. నేను వచ్చిన రోజే, నన్ను తన ఇంట్లో ఉంచుకుంటానని నాన్నకు మాటిచ్చానని, కాబట్టి నా బాధ్యత తనదేనని చెప్పింది. ఆ మాటను చివరిదాకా వదల్లేదు.

చివరి సెమిస్టర్‌లో ఏదైనా వర్క్‌షాప్‌లో పని నేర్చుకుని, ఒక పని పూర్తిగా చేసి చూపించాలి. క్లాసులో అందరూ కిచెన్లు డిజైన్ చేసే కంపెనీలకు వెళ్ళారు. నేను ఫుట్‌స్క్రేలో పాత ఫ్రెంచి ఫర్నిచర్ బాగుచేసే మార్గరెట్ దగ్గర చేరాను. ఈ సంగతి ఇంట్లో చెప్పిన రోజు గ్రేస్ ఆంటీ గరిటె కింద పెట్టేసింది.

"వడ్రంగం చేయడానికా ఆస్ట్రేలియా వచ్చావే షారూ? ఈ సెమ్ ఫెయిలయ్యావనుకో, నేనే నాన్నకి ఫోన్ చేసి చెప్తా. నెక్స్ట్ ఇన్‌టేక్‌కి అకౌంటింగ్‌లో పడతావ్, అంతే!"

"ఫెయిలవ్వను ఆంటీ."

"చూస్తాగా."

అలా మొదలైంది. ఆ సెమిస్టర్ నాకు ఒక కోర్సు కాదు, పంతం.

మార్గరెట్ పడుచు వయసులో ఉన్నప్పుడు పారిస్‌లో ఈ పని నేర్చుకుని వచ్చింది. ఆమె దగ్గరికి అప్పుడే ఒక సొరుగుల పెట్టె వచ్చింది. ముందు భాగం పొట్టలా ఉబ్బి, కాళ్ళు సన్నగా వంపు తిరిగి, అంచులకు ఇత్తడి తొడుగులు. రెండు వందల ఏళ్ళ పైమాటే. ఫ్రెంచి వాళ్ళు దాన్ని కమోడ్ అంటారు. నేను ఒక ముసలావిడ కమోడ్ బాగుచేస్తున్నానని చెబితే ఆంటీ, అంకుల్ అన్నం ముందు కూర్చుని ఎంతసేపు నవ్వారో.

నవ్వండి గానీ, అలాంటి పని నేను ఇంకెక్కడా చూడలేదు. లోపల మొత్తం ఓక్ కర్ర. పైన ఎక్కడా రంగు లేదు, కానీ పెట్టె నిండా గులాబీ తీగలు. ప్రతి రేకూ, ప్రతి ఆకూ వేరే వేరే కర్రలోంచి పల్చగా కోసి, సన్న రంపంతో ఆకారం తీసి, పక్కపక్కన అతికించినవే. ఆకుకు ఒక వైపు నీడ ఉంటుంది. అది కుంచెతో వేసింది కాదు. ఇసుకను బాగా వేడిచేసి, అందులో ఆకు అంచు గుచ్చి ఉంచుతారు. కర్ర నెమ్మదిగా కమిలి గోధుమరంగులోకి తిరుగుతుంది. ముందే తీస్తే నీడ రాదు, ఆలస్యమైతే బొగ్గే. గడియారం చూసి చేసే పని కాదది.

పై సొరుగు మీద ఒక ఆకు ఎప్పుడో ఊడిపోయింది. ఆ ఖాళీలోకి కొత్త ఆకు చేసి పెట్టడమే నా పరీక్ష. పాసా ఫెయిలా అన్నది మార్గరెట్ దాన్ని చూసే తేలుస్తుంది.

ఎన్ని ఆకులు తగలబెట్టానో చెప్పను. ఆకారం కుదిరితే నీడ కుదిరేది కాదు. నీడ కుదిరిందనుకుంటే అంచు విరిగేది. ఇంతలో పెర్త్‌లో ఉన్న మార్గరెట్ కూతురికి నెలలు నిండకుండానే కాన్పు వచ్చింది. మార్గరెట్ తాళం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. రెండో తాళం ఆమె బ్యాగులోనే ఉంది. మూడో తాళం లేదు. ఆ షెడ్డుకు ఒకటే తలుపు, కిటికీలకు ఇనుప ఊచలు.

శుక్రవారం సాయంత్రం నేను తాళం వేసేటప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంది. ఖాళీ అని ఎందుకంత కచ్చితంగా చెబుతున్నానంటే, దాన్ని శుభ్రంగా తుడిచి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. శనివారం పొద్దున వచ్చేసరికి అక్కడ ఆకు ఉంది.

ఉందంటే అలా ఇలా కాదు. చుట్టూ గోరు దూర్చడానికి సందు లేదు. నీడ మొదట్లో పొగలా ఉండి, అంచుకు వచ్చేసరికి చిక్కబడింది. పక్కనున్న పాత ఆకులతో కలిసిపోయింది. నా కాళ్ళలో వణుకు పుట్టిందని రాయడం ఇలాంటి చోట మామూలే. నాకు వణుకు పుట్టలేదు. ఒళ్ళు మండింది. ఎవరో నాతో ఆడుకుంటున్నారనుకున్నాను.

మార్గరెట్‌కు వీడియో కాల్ చేసి చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది.

"బ్యూటిఫుల్! నీకు పట్టుబడిపోయింది షారన్. ఇంకేం, పాస్."

"మార్గరెట్, ఇది నేను చేయలేదు."

ఆమె నవ్వి, మంచి పని చేసిన రోజు తనకూ అలాగే అనిపిస్తుందని చెప్పి, మనవణ్ని చూపించి ఫోన్ పెట్టేసింది.

నోరు మూసుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. పాసయ్యేదాన్ని, ఆంటీ ముందు గెలిచేదాన్ని. కానీ నా పరీక్ష వేరొకరు రాస్తే నాకెందుకు? వేడినీళ్ళలో ముంచిన గుడ్డ వేసి, జిగురు మెత్తబడ్డాక, పల్చటి కత్తితో ఆ ఆకును పైకి లేపేశాను. కవర్లో పెట్టాను. చోటు మళ్ళీ ఖాళీ చేశాను.

ఆదివారం చర్చి అయ్యాక గ్రేస్ ఆంటీని నాతో రమ్మన్నాను. సాక్షి కావాలి అన్నాను. దేనికి సాక్షో చెప్పలేదు. ఆంటీ చర్చి చీరలోనే కారు నడుపుకుంటూ వచ్చింది. తలుపు తీసి సొరుగు చూపించాను. ఖాళీగానే ఉంది. ఆంటీ వంగి, వేలు పెట్టి మరీ చూసింది.

"ఆ, బొక్క ఉంది. ఐతే ఏంటంట?"

ఇద్దరం తాళం వేసి, రోడ్డుకు అవతలున్న వియత్నాం హోటల్లో కిటికీ పక్కన కూర్చున్నాం. మా ఎదురుగానే వర్క్‌షాప్ తలుపు. నేను దాని మీంచి చూపు తిప్పలేదు. నూడుల్స్ చల్లారిపోతున్నాయని ఆంటీ విసుక్కుంది. మిట్టమధ్యాహ్నం, ఎండ, వీధి నిండా జనం. ఆ తలుపు దగ్గరకు ఎవరూ వెళ్ళలేదు.

తిరిగి వచ్చి తలుపు తీయగానే వాసన కొట్టింది. ఉడికించిన జిగురు వాసన. ఆ రోజు నేను జిగురు వేడి చేయలేదు. హాట్‌ప్లేట్ ముట్టుకుంటే చల్లగా ఉంది. సొరుగు మీద ఆకు ఉంది. వేలు పెట్టి చూశాను. గోరువెచ్చగా తగిలింది.

ఆంటీ నా చేయి పట్టుకుంది.

"షారూ, బయటికి నడువ్. ఇప్పుడే. నాన్నకి ఫోన్ చేద్దాం. సామానంతా అక్కడే వదిలెయ్, లెట్స్ గో!"

"నేను రాను ఆంటీ."

"పిచ్చా నీకు? అదేంటో నీకు తెలుసా?"

"తెలీదు. ఏదైనా కానీ, నా పని అది చేస్తే ఎలా? మీరు కార్లో కూర్చోండి."

ఆంటీ కారులో కూర్చోలేదు. తలుపు బార్లా తీసి, గడప మీద నిలబడి, "యేసు రక్తమే జయం, యేసు రక్తమే జయం" అని గట్టిగా అంటూనే ఉంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. నేను ఆ రెండో ఆకును కూడా లేపి కవర్లో పడేశాను. హాట్‌ప్లేట్ వేశాను. ఇసుక కాగేలోపు కొత్త ఆకు కోశాను. కోపంలో ఉన్నాను కాబట్టో ఏమో, రంపం తిన్నగా నడిచింది.

ఆకును పట్టకారుతో పట్టుకుని ఇసుకలో గుచ్చాను. చాలనిపించగానే తీయబోయాను. చేయి లేవలేదు.

ఎవరో లాగినట్టు కాదు. నా చేతి మీద ఇంకో చేయి పెట్టినట్టు. బరువుగా, వెచ్చగా, గరుకుగా ఉంది. ఎండలో నా చేయి నాకు స్పష్టంగా కనిపిస్తోంది. దాని మీద ఏమీ లేదు.

"వదులు," అన్నాను. అరిచాననే చెప్పాలి. "ఇది నా పని. వదులు!"

వెంటనే వదిలింది. ఆ ఊపుకు నా మోచేయి వెనకున్న అల్మరాకు కొట్టుకుంది. ఆకు ఎగిరి రంపపు పొట్టులో పడింది. వెతికి తీశాను. అదే పెట్టాను. జిగురు రాసి, కాగితం వేసి, క్లాంప్ బిగించాను. తాళం వేసి ఇద్దరం కారెక్కాం.

వెర్రిబీ దగ్గరికొచ్చాక ఆంటీ అడిగింది.

"అది ఫ్రెంచోళ్ళ బీరువా కదే. నువ్వు తెలుగులో అంటే దానికెలా అర్థమైంది?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత ఆంటీ ఏడ్చింది.

సోమవారం నేను పెట్టిన ఆకే ఉంది. మంగళవారం కూడా. మార్గరెట్ తిరిగి వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆమె కోటు కూడా విప్పకుండా సొరుగు దగ్గరికెళ్ళి, భూతద్దం పెట్టి చూసింది.

"బాగుంది. కొంచెం లేతగా వచ్చింది. ఇసుకలో ఇంకాసేపు ఉంచి ఉంటే సరిగ్గా కుదిరేది."

ఆ రోజు నా చేతిని ఇసుకలోనే ఆపిన ఆ చేయి గుర్తొచ్చింది. అప్పుడు కవర్లోని రెండు ఆకులూ బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. మార్గరెట్ వాటిని తిరగేసి చూసింది. ఇప్పుడు మనం కొనే పల్చటి కర్ర పొరలు మిషన్ మీద తీసినవి, కాగితంలా ఉంటాయి. ఈ రెండూ మందంగా ఉన్నాయి. వెనక చేతిరంపం గీతలున్నాయి. అలాంటి కర్ర తన వర్క్‌షాప్‌లో ముక్క కూడా లేదని ఆమే చెప్పింది.

తర్వాత ఆమె అన్న మాటకు నేను సిద్ధంగా లేను. నాది తీసేసి, ఈ రెండింట్లో ఒకటి పెడదామంది.

"ఎందుకు?"

"ఎందుకంటే ఇది నీదానికన్నా బెటర్. ఆ పెట్టెకు ఏది మంచిదో అదే చేయాలి. ఇందులో నీ గొడవ లేదు."

"ఎవరు చేశారో తెలియనిది పెట్టి, మేమే చేశామని చెప్పి ఇస్తారా?"

మా గొంతులు పెరిగాయి. పాస్ చేయాల్సిన మనిషితో గొడవపడుతున్నానని నాకు తెలుసు. అయినా తగ్గలేదు. చివరికి మార్గరెట్ పెట్టె గలావిడనే అడుగుదామంది.

ఆవిడ బాగా పెద్దావిడ. ఆ పెట్టె వాళ్ళ అమ్మమ్మ నుంచి వచ్చిందట. చేతికర్ర పక్కన పెట్టి, సొరుగు మీద నా ఆకును వేలితో తడిమింది. తర్వాత బల్ల మీది రెండు ఆకుల్నీ చూసింది.

"సొరుగు మీదున్నది ఎవరు చేశారు?"

"నేను," అన్నాను.

"మరి ఇవి?"

మార్గరెట్ నోరు తెరిచేలోపే, తెలియదని చెప్పేశాను.

ఆవిడ ఆ రెండింటినీ పక్కకు జరిపింది. "అయితే నువ్వు చేసిందే ఉండనీ. థాంక్యూ చెప్పడానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా," అని నా చేయి పట్టుకుని ఊపింది.

మార్గరెట్ నన్ను పాస్ చేసింది, గొప్ప మార్కులతో కాదు. గ్రేస్ ఆంటీ నాన్నకు ఫోన్ చేసింది గానీ, అకౌంటింగ్ మాట ఎత్తలేదు. నేను ఈ పనిలోనే ఉండిపోయాను. ఇన్నేళ్ళలో ఎన్నో పాత పెట్టెలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. మళ్ళీ అలాంటిది జరగలేదు.

ఆంటీ ఇప్పటికీ అది దురాత్మ అనే అంటుంది, నేను ఒప్పుకోవడం లేదని బాధపడుతుంది. మార్గరెట్ మాత్రం ఒత్తిడిలో ఆ ఆకుల్ని నేనే చేసి మరిచిపోయానంటుంది. ఆంటీ నాతోపాటే హోటల్లో కూర్చుందని చెబితే, మీ ఆంటీకి నువ్వంటే ప్రేమ అంటుంది. ఆ కర్ర ఎక్కడిదని అడిగితే మాట మారుస్తుంది.

ఇద్దరూ నన్ను తమ వైపు రమ్మంటారు. నేను ఎటూ వెళ్ళను. ఆ ఆకులు నేను చేయలేదు. ఎవరు చేశారో నాకు తెలియదు. తెలియని దానికి ఒక పేరు పెట్టి ఊరుకోమంటే, అది మాత్రం నా వల్ల కాదు.