అన్న జేబులోని నీలిగీత

డెబ్భైల మొదట్లో మూసాపేట ఇంకా పల్లెటూరే. చుట్టూ రేకుల షెడ్లు మాత్రం లేచాయి. అలాంటి ఒక షెడ్డులో మా అన్న మిషన్ల సామానుకు పట్టిన గ్రీజు కడిగేవాడు. కడిగే మందు నీళ్లలా ఉండేది, తియ్యటి వాసన వేసేది. "సెంటు పూసుకొచ్చినవా?" అని వదిన ఏడిపించేది. అది విషమని ఆమెకు తెలియదు. నాకు తెలుసు. నేను పనిచేసే ల్యాబులో అదే మందు ఎలుకలకు ఎక్కించి, వాటి కాలేయం ఎలా చెడుతుందో, మళ్లీ ఎలా పెరుగుతుందో చూసేవాళ్లం. తెలిసి కూడా అన్నతో "కిటికీ తెరిచి పెట్టుకో" అని ఊరుకున్నాను. నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఒక ఎండాకాలం అన్నకు కామెర్లు వచ్చాయి. అమ్మ పరగడుపున నేలఉసిరి పసరు మజ్జిగలో కలిపి తాగించింది. కూరలో నూనె మానేసింది, పసుపు కూడా మానేసింది. నేను తగుదునమ్మా అని అతని నెత్తురు కొంచెం తీసి ల్యాబుకు పట్టుకెళ్లాను. కాగితప్పట్టీ మీద చుక్క పెట్టి, కరెంటు పారించి, రంగు అద్దితే నెత్తుట్లోని ప్రోటీన్లు గీతలుగా విడిపోతాయి. అందులో ముదురు నీలిగీత ఆల్బుమిన్‌ది. దాన్ని తయారుచేసేది కాలేయమే. అన్న పట్టీలో ఆ గీత వెలిసిపోయి ఉంది.

రెండు నెలలకు కళ్లు తెల్లబడ్డాయి, గీత చిక్కబడింది. సంతోషం పట్టలేక ఆ పట్టీని ఇంటికి తెచ్చాను. "కాలేయం మల్ల పెరుగుతదన్నా! మా ఎలుకలకు వారంలనే పెరిగింది" అన్నాను. అమ్మేమో తన పసరు వల్లనే అంది. ఆ గొప్ప ఎవరిదని ఇద్దరం పోట్లాడుకున్నాం కూడా. అన్న ఆ పట్టీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒక్కసారి మందు తగిలిన ఎలుకలే అలా కోలుకునేవి. వారం వారం తగిలినవాటి కాలేయం గట్టిపడి, గడ్డలు కట్టి, అవి చచ్చిపోయేవి. ఆ బోన్లు కడిగింది నేనే. మంచిమాట చెప్పే ఊపులో ఆ సగం మింగేశాను.

మేస్త్రీ మంచివాడు, అన్నకు వేరే పని ఇస్తానన్నాడు. కడుగుడులో తనను మించినవాడు లేడని అన్నకు గర్వం. జేబులోంచి నా పట్టీ తీసి చూపించాడట. "మా చెల్లె పరీక్ష చేసింది. ఏం ఫికర్ చెయ్యకు, పాత పనే ఇయ్యి" అన్నాడట. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. అప్పుడు చెప్పాను మిగతా సగం.

"మొన్న పెరుగుతదంటివి, ఇయ్యాల పెరగదంటవా? ఏంది చెల్లె గిట్ల!" అని కొట్టిపారేశాడు.

ఏడాది తిరిగేసరికి అన్న పొట్ట ఉబ్బింది, కాళ్లకు నీరు దిగింది. ఈసారి పసరు పనిచేయలేదు. దవాఖానలో మంచం మీదున్న అన్న నెత్తురు మళ్లీ తీశాను. పట్టీని వెలుతురుకు పెట్టి గీతను వెతుక్కోవాల్సి వచ్చింది. చూసి దాన్ని చింపేశాను.

మర్నాడు అన్న కళ్లు మూసుకునే చెయ్యి చాపాడు. "ఏది, చూపియ్యి. పెరుగుతున్నదా?"

గోడ మేకుకు అతని చొక్కా వేలాడుతోంది. దాని జేబులోంచి పాత పట్టీ తీసి చేతిలో పెట్టాను. అన్న కళ్లు తెరిచి చూశాడు. చెమటకు మెత్తబడ్డ ఆ మడతలు అతనివే.

"మీ వదినకు గిదే చూపియ్యి" అన్నాడు.

వదిన గుమ్మం బయట జావ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. వెళ్లి చూపించాను.