అతుకులక్క కలిపేసిన చెయ్యి

లేజర్ మిషన్‌తో చెక్క కోసే దుకాణంలో కంప్యూటర్ మీద బొమ్మలు గీసే ఆవిడను అందరూ అతుకులక్క అంటారు. ఊరికే వచ్చిన పేరు కాదు. ఒక ఆకారం మీద ఇంకో ఆకారం పడితే ముందు రెండింటినీ కలిపి ఒకటి చెయ్యాలి. లేదంటే లేజర్ రెండు గీతల వెంటా కోసుకుపోతుంది, మధ్య ముక్క కాస్తా ఊడి పడుతుంది. కొత్తలో ఓ పక్షి రెక్క అలాగే ఊడింది. ఇక చూడండి బెంగ! గ్యాస్ ఆపానా లేదా అని సగం దారిలోంచి ఇంటికి పరిగెత్తే మనిషి ఇక్కడ మాత్రం ఊరుకుంటుందా? కనిపించిందల్లా కలిపేస్తుంది.

ఓ రోజు ఒకమ్మాయి పాత ఫొటో, చిన్న చెక్క పట్టుకొచ్చి, ఆ ఫొటోలోని బొమ్మను చెక్కలో కోసిమ్మంది. పక్కనుంచి తీసిన ఫొటో. నాన్న భుజాల మీద చిన్నప్పటి తను, చెయ్యి ఆయన తల మీద. నాన్న వడ్రంగి. ఆయన పోయాక, పనిబల్లలోంచి మిగిలింది ఈ చెక్కేనట.

"ఇంకోటి లేదండీ," అంది.

అతుకులక్క నాన్నను, పిల్లను విడిగా గీసి, కలిపి, కలిశాయో లేదో మళ్లీ మళ్లీ చూసుకుని మిషన్‌కి పంపింది. కోత అయ్యేదాకా గుక్కెడు నీళ్లు తాగలేదు. ఒక్క ముక్కా ఊడలేదు. అమ్మయ్య అనుకుంది.

ఆ అమ్మాయి బొమ్మను అందుకుని తడుముతూ ఉండిపోయింది.

"నా చెయ్యి ఏదండీ?"

నిజమే. చెయ్యి నాన్న తలలో కలిసిపోయింది, ఆనవాలు లేదు. భయపడి భయపడి చేసిన పని ఆ భయం వల్లే చెడింది. మిగిలిన దారల్లా బొమ్మను మళ్లీ మిషన్‌లో పెట్టి, చెక్క తెగకుండా పైపైన కాల్చి చేతిగీత దించడమే. బొమ్మ కాస్త జరిగితే గీత ముఖం మీద పడొచ్చని అతుకులక్క దాచకుండా చెప్పింది. అమ్మాయి చాలాసేపు ఫొటో చూసి సరే అంది.

పాపం, మిషన్ మూత వేసేటప్పుడు అతుకులక్క చెయ్యి వణికింది. ఆవిడకి తెలియకుండానే బొమ్మ కాస్త కదిలింది. గీత కిందికి జారి, వేళ్లు నాన్న చెవి దగ్గర పడ్డాయి. తప్పయిపోయిందమ్మా అంటూ ఆవిడ స్టూలు మీద కూలబడింది.

అమ్మాయి నవ్వబోయి ఏడ్చేసింది.

"ఫొటోలో బాగుండదని అమ్మే చెయ్యి పైన పెట్టించింది. నేనెప్పుడూ నాన్న చెవే పట్టుకునేదాన్ని."