కుంచె వేళ్ల కేసు

తుంగభద్ర పుష్కరాలు జరిగిన మరుసటి ఏడాది, శ్రావణంలో, అటవీ శాఖ ఆదోని సెక్షన్‌లో బీట్ గార్డుగా నాకు పోస్టింగు ఇచ్చారు. అంతకుముందు పద్నాలుగేళ్లు అవే కొండల్లో వాచర్‌గా తిరిగాను. వాచర్‌కు కాళ్లుంటే చాలు, గార్డుకు అక్షరాలు కావాలి. ముప్పై దాటాక పలక పట్టి, ప్రైవేటుగా పరీక్ష కట్టి గార్డునయ్యాను.

ఆ పొద్దున మబ్బు కొండ మీదికి దిగి ఉంది. రిజర్వు అడవి హద్దుకు సున్నం కొట్టిన రాళ్ల కుప్పలుంటాయి. మబ్బులో అవి పడుకున్న గొర్రెల్లాగా ఉన్నాయి. ఒక గొర్రె కదిలింది. దగ్గరికి పోతే ఉలిగమ్మ.

ఎమ్మిగనూరు నేతగాళ్లకు కుంచెలు కట్టే ముసలమ్మ ఆమె. వీధిలో పడుగు సాచి గంజి పట్టించాక, పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా కుంచెతో దువ్వుతారు. ఆ కుంచెకు ఈ కొండ గడ్డి వేళ్లే కావాలి. వాన పడి నేల మెత్తబడినప్పుడే అవి తెగకుండా వస్తాయి. దొరల కాలంలో రాసిన చట్టం ప్రకారం చెట్టే కాదు, ఆకు, వేరు, మన్ను, రాయి అన్నీ సర్కారువే. తర్వాత చట్టం పేరు మారింది, ఆ జాబితా మారలేదు.

వాచర్‌గా ఉన్నప్పుడు ఆమెను గదిమి పంపేవాణ్ణి. అంతటితో సరి. ఇప్పుడు సంచిలో కేసులు రాసే కొత్త పుస్తకం ఉంది.

"మళ్లా వచ్చినావా అవ్వా?" అన్నాను.

"వేళ్లు ఈడుంటే నేను యాడికి పోదునప్పా?"

పుస్తకం తీశాను. ఆమె భయపడలేదు. "నీకు రాసేది వచ్చిందా! రేషన్ కార్డులో నా పేరు అచ్చేసినారు గానీ, నా కండ్ల ముందర రాసినోడు ఒక్కడు లేడు. సక్కంగా రాయి, సూస్తా."

వేళ్లు ఒక మోపు, గడ్డపార ఒకటి అని రాశాను. పేరు మాత్రం పెద్దక్షరాల్లో రాశాను. ఆమె మట్టి వేలు పేరు మీద ఆనించి, "ఇదేనా నేను?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అది నేను రాసిన మొదటి కేసు.

మధ్యాహ్నం మా ఫారెస్టర్ అది చూసి, "నిన్నెవరు రాయమన్నారప్పా?" అన్నాడు. ఆ పుస్తకంలో ప్రతి కాగితానికీ నంబరు ఉంటుంది, చించడానికి లేదు. గడ్డపారకు చీటీ కట్టి రేంజ్ ఆఫీసులో పెట్టారు. ఇంకొకసారి కొండ మీద దొరికితే ఆమెకు కోర్టే.

నాకు మనసు నిలవలేదు. ఆఫీసులో పాత ఫైలు అడిగి, కూడబలుక్కుంటూ మూడు రోజులు చదివాను. కొండను రిజర్వు చేసేటప్పుడు, హక్కులున్నవాళ్లు మూడు నెలల్లో చెప్పుకోవాలని కచేరీ గోడకు నోటీసు అంటించి దండోరా వేయించారు. ఫైల్లో హక్కుల కింద ఆదోని వర్తకుల బండి బాట రాసి ఉంది. పశువులు నీళ్లు తాగే వంక రాసి ఉంది. కుంచె వేళ్లు లేవు.

ఎమ్మిగనూరు పోయాను. వీధి పొడవునా తెల్లటి పడుగు గాలికి అలలు పోతోంది. గంజి వాసన వీధంతా కమ్ముకుని ఉంది. పడుగును వేళ్లు అరిగిన బోడి కుంచెతో దువ్వుతుంటే పోగులు తెగుతున్నాయి. నేతగాడు నా ఖాకీ చొక్కా చూసి తల తిప్పుకున్నాడు. అరుగు మీద ఉలిగమ్మ ఊరికే కూర్చుని ఉంది. ఫైలు సంగతి చెప్పాను.

"దండోరా ఏసిన పొద్దు మావోళ్లు కొండలో వేళ్లు తవ్వతా ఉండింటారు," అని నవ్వింది. "అప్పుడు రాసేటోడు మమ్మల్ని అడగలేదు. ఇప్పుడు నువ్వుండావు గదా, రాయి."

అర్జీ రాశాను. నాలుగు నెలలకు జవాబు వచ్చింది: హక్కులు చెప్పుకునే గడువు దాటిపోయింది. దాటి నూరేళ్ల పైమాటే.

కేసు తేలి గడ్డపార తిరిగొచ్చేసరికి దానికి తుప్పు పట్టింది. ఉలిగమ్మ మళ్లీ కొండెక్కలేదు. హద్దు కుప్పలకు ఏటా నేనే సున్నం కొట్టించాను.

చదువు రాని రోజుల్లో నేను చేసిన పొరపాట్లు సాయంత్రానికి మాసిపోయేవి. రాసిన పొరపాటు మాసిపోలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ముందు గదిమేవాణ్ణి, వినకపోతేనే పుస్తకం తీసేవాణ్ణి.