రైట్ రైట్ అక్క నడక

ఇరవై ఆరేళ్లు కదిలే బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి ఆవిడ. డిపోలో అందరూ రైట్ రైట్ అక్క అనేవారు. గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని ఇంటికి బయల్దేరేటప్పుడు డాక్టరు రెండు దారులు చెప్పాడు. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలోని వ్యాయామ కేంద్రానికి రావడం ఒకటి. ఇంటి దగ్గరే రోజూ నడుస్తూ, వారానికోసారి ఫిజియో అమ్మాయితో ఫోన్లో మాట్లాడటం ఇంకొకటి.

"ఇంటి దగ్గరే చేస్తాను. మళ్లీ బస్సులెక్కి దిగడం నా వల్ల కాదు" అని తేల్చేసింది.

తీరా ఇంటికొచ్చాక కుదురు లేదు. వంటింట్లోకి వెళ్తుంది, ఎందుకొచ్చిందో మరిచిపోయి వరండాలోకొస్తుంది. కూర్చుంటుంది, లేస్తుంది. వీధిలో నలభై అడుగులు వేసేసరికి గుండె దడదడలాడుతుంది. వెంటనే మెడ మీద వేళ్లు పెట్టి నాడి వెతుక్కుంటుంది. పైగా వెనకాలే మొగుడు. దర్జీ పని చేసే ఆయన, కుట్టు మిషను ఆపేసి మరీ ప్లాస్టిక్ కుర్చీ చంకన పెట్టుకుని వచ్చేవాడు. ఆవిడ ఆగితే చాలు, కుర్చీ వేసేవాడు.

"ఏమండీ, నన్ను ఊరేగిస్తున్నారా? అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనీయవే. నువ్వు పడితే వాళ్లొచ్చి పట్టుకుంటారా?"

ఆయన మీద కోపంతో ఒక పూట, తన భయంతో ఒక పూట నడక మానేసింది. ఫోనొస్తే మాత్రం "అరగంట నడిచానమ్మా" అని బొంకేది.

మూడో వారం ఫిజియో అమ్మాయి, "ఇప్పుడు నడుస్తూ నాతో మాట్లాడండి ఆంటీ, ఆయాసం ఎంతుందో వింటాను" అంది.

మంచం మీద కూర్చున్న మనిషి లేవలేదు.

"అబద్ధం చెప్పాను తల్లీ. గుండె కొట్టుకుంటే భయం, కొట్టుకున్నట్టు తెలియకపోయినా భయం."

"అయితే రెండు వారాలు ఇక్కడికి రండి. భయం తగ్గాక ఇంటి దగ్గరే చేసుకుందురుగాని. అంకుల్నీ తీసుకురండి."

కేంద్రంలో ఛాతీకి వైర్లు అంటించి ట్రెడ్‌మిల్ ఎక్కించారు. వేగం పెరిగేసరికి "ఆపమ్మా, ఆపు!" అని కేకేసింది.

"తెర చూడండి ఆంటీ, అంతా బాగానే ఉంది. నడిస్తే ఎవరి గుండైనా ఇలాగే కొట్టుకుంటుంది. మాట్లాడగలుగుతున్నారుగా! మాట అందకపోయినా, నొప్పొచ్చినా, కళ్లు తిరిగినా అప్పుడు ఆగండి."

ఎడమచేతివాటం దర్జీ ఆ మూడు మాటలూ జేబులోని సుద్దముక్కతో కుడి అరచేతిలో రాసుకున్నాడు. చెరిగిపోతాయేమోనని ఆ పూట చెంచాతో భోంచేశాడు. ఆ మర్నాటి నుంచి కుర్చీ ఇంట్లోనే ఉండిపోయింది.

రెండు వారాలయ్యాక మళ్లీ ఇంటి వీధిలోనే నడక. ఈసారి ఫోన్లో చెప్పిన లెక్కలన్నీ నిజమే. ఇంకో నెలకు ఒంటరిగా డిపో దాకా వెళ్లి, మళ్లీ డ్యూటీలో చేరతానంది.

"రిజర్వేషన్ కౌంటర్లో హాయిగా కూర్చోండక్కా" అన్నాడు మేనేజరు.

కూర్చుంది. పది నిమిషాలకే లేచింది. "నాకు బస్సే కావాలి బాబూ."

"డాక్టరుగారు ఒప్పుకోవాలిగా?"

అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఇంకో నెల ఆగమన్నారు.

"నెలా!" అంటూ ఫోన్ పెట్టేసి, ఒకచోట నిలవలేక డిపో ఆవరణ చుట్టూ రెండు చుట్లు తిరిగొచ్చింది.