కానిస్టేబుల్ కొడుకు విన్న ఐరిష్ పాటలు

ఎనభైల మొదట్లో ఇల్లినాయ్‌లోని అరోరాలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మా ఫోర్‌మన్ ఐరిష్ అమెరికన్. వాళ్ళవాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు ఒక బార్‌లో చేరి, ఇంగ్లిష్ వాళ్ళ మీద కట్టిన పాత తిరుగుబాటు పాటలు పాడుకునేవారు. ఒకసారి నన్నూ తీసుకెళ్ళాడు. తర్వాత నా అంతట నేనే వెళ్ళడం మొదలుపెట్టాను. మా తెలుగు చర్చిలో ఆరాధన ముగిసి అందరూ భోజనాలకి కూర్చునే వేళకే నా చేతిలో కారు తాళాలు ఉండేవి.

"చర్చ్ నుంచి డైరెక్ట్‌గా బార్‌కి డ్రైవ్ చేసే మనిషి ఈ స్టేట్ మొత్తంలో మీరొక్కరేనండీ," అనేది నా భార్య. "పాస్టర్ గారు అడిగితే ఏం చెప్పమంటారు?"

"పాటలు వినడానికెళ్ళాడని చెప్పు."

"ఇప్పటిదాకా మేం పాడినవి ఏంటో మరి!"

అక్కడ వాయిద్యాలుండవు. ఒకరు పాడుతుంటే ఇంకెవరూ మాట్లాడకూడదు. గ్లాసులు కడిగే మనిషి కూడా కుళాయి కట్టేసేవాడు. పాట అయ్యాక, తర్వాత ఎవరు పాడాలో పాడినవాడే చెబుతాడు. పిలుపు వస్తే కాదనడానికి లేదు.

పాడేవాళ్ళలో చాలామంది ఐర్లండ్ చూడనివాళ్ళు. బస్సు నడిపేవారు, పైపులు బాగుచేసేవారు. పాట సాగినంతసేపూ ఓడిన సైన్యంలో మిగిలిన మనుషుల్లా నిటారుగా కూర్చునేవారు. ఆ ఏడాది ఐర్లండ్‌లో ఇంగ్లిష్ వాళ్ళ జైల్లో తిరుగుబాటు కుర్రాళ్ళు నిరాహారదీక్ష చేసి చనిపోతున్నారు. అందుకని నూరేళ్ళ నాటి పాట కూడా ఆ పొద్దుటి పేపర్లో వార్తలా వినిపించేది. ఉరికంబం ఎక్కబోతూ కొడుకు తల్లికి చెప్పే మాటలు, ఆచూకీ చెప్పేసిన స్నేహితుడు, ఇవే కథలు. వాటిలో ఆంగ్లేయుడికన్నా నీచుడు ఒకడుండేవాడు. ఆ ఊళ్ళోనే పుట్టి రాజుగారి యూనిఫాం వేసుకున్న పోలీసు.

మా నాన్న అలాంటి పోలీసే. తెల్లదొరల కాలంలో సముద్రపు ఒడ్డు తాలూకాలో కానిస్టేబుల్. ఉప్పు సత్యాగ్రహంలో కుండలు పగలగొట్టాడు, కింద కూర్చున్నవాళ్ళని లాఠీతో కొట్టాడు. ఆ సంగతి ఆయనే చెప్పాడు, గొప్పకీ కాదు, సిగ్గుతోనూ కాదు. ఆ ఉద్యోగమే మా నలుగురినీ చదివించింది.

మూడో వారమో నాలుగో వారమో, ఫోర్‌మన్ నాకు పిలుపు ఇచ్చాడు.

"మా పాటలన్నీ వినేశావు. ఇక నీ వంతు."

"నాకు రావు."

"ఒక్క తిరుగుబాటు పాటైనా రాకుండా ఇంగ్లిష్ వాళ్ళని ఎలా పంపించారయ్యా? టిక్కెట్ కొనిచ్చి సాగనంపారా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో వెలివేసినట్టేమీ లేదు. అయినా నాకు రోషం వచ్చింది. "మా నాన్న ఇప్పుడు లేడు గానీ, ఉప్పు ఉద్యమంలో దెబ్బలు తిని జైలుకెళ్ళాడు," అన్నాను. నవ్వు ఆగిపోయింది. ఇక పాడక తప్పలేదు. సండే స్కూల్లో నేర్చుకున్న ఒక కీర్తన అందుకుని, జైల్లో మా నాన్న పాడిన పాట అని చెప్పాను. మొదటి చరణం పూర్తయ్యేసరికి వాళ్ళంతా లేచి నిలబడ్డారు. టోపీలు తీశారు. నేను ఆపలేదు, నాలుగు చరణాలూ పాడాను.

ఫోర్‌మన్ తల్లి కూడా ప్రతివారం వచ్చేది. డెబ్బై దాటిన మనిషి. అక్కడున్నవాళ్ళలో ఐర్లండ్‌లో పుట్టింది ఆమె ఒక్కతే. ఏ పాటకీ గొంతు కలిపేది కాదు. మరుసటి ఆదివారం, కొడుకు కౌంటర్ దగ్గరికి వెళ్ళగానే నన్ను పక్కన కూర్చోమంది.

"మీ నాన్నని కొట్టింది ఎవరబ్బాయ్? ఇంగ్లిష్ వాళ్ళా, మీవాళ్ళేనా?"

"మావాళ్ళేనమ్మా. పోలీసులు."

ఆమె గ్లాసు పక్కకి జరిపింది. "మా నాన్న పోలీసు," అంది. "పూజ అయ్యాక చర్చి మెట్ల మీద తిరుగుబాటువాళ్ళు కాల్చేశారు. శవపెట్టె మొయ్యడానికి ఊళ్ళో ఒక్కడూ రాలేదు. మా అమ్మా, నేనూ, ఇద్దరు చిన్నాన్నలూ మోశాం. నా పిల్లలకి జ్వరంతో పోయాడని చెప్పాను. నువ్వూ ఈ సంగతి ఎవరికీ చెప్పకు."

"చెప్పనమ్మా."

"మీ నాన్న బతికుంటే ఆయన్నే అడిగేదాన్ని. ఇప్పుడు నిన్నడుగుతున్నాను. మా నాన్నలాంటి వాళ్ళని క్షమించగలవా?"

ఆమెకి నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు దొరకదు. అది నాకు అప్పుడే తెలుసు. కొడుకు గ్లాసులు పట్టుకుని తిరిగి వస్తున్నాడు. ఒప్పుకుంటే ఆ బల్ల దగ్గర నా చోటు పోతుందని మాత్రమే ఆలోచించాను.

"ఆయన ఎప్పుడో క్షమించేశారు," అన్నాను.

ఆమె నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. మా నాన్న పేరు కాగితం మీద రాసిమ్మంది. వాళ్ళ చర్చిలో చనిపోయినవాళ్ళ పేరు చదివించి పూజ చేయిస్తారట. మా సంఘంలో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించం. ఆ మాట చెప్పి తప్పించుకోవచ్చు. రాసిచ్చాను.

పూజ రోజు పొద్దున్న ఆమె పక్కన కూర్చున్నాను. ఫోర్‌మన్ అటు పక్కన ఉన్నాడు.

"మీ నాన్నగారి పేరు కూడా ఇచ్చారా?" అని మెల్లగా అడిగాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆ ఇంటిపేరు ఇక్కడ ఎవరికైనా గుర్తుంటే? అరవయ్యేళ్ళుగా ఇవ్వలేదు."

ఫాదర్ మా నాన్న పేరు చదివాడు. తన దేశ స్వాతంత్ర్యం కోసం దెబ్బలు తిన్నవాడని కూడా చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు సిలువ గుర్తు వేసుకున్నారు. ఆమె కూడా వేసుకుంది. మా నాన్నా అదే ఉద్యోగం చేశాడని ఆమె చెవిలో చెబితే, ఆ వరుసలో పోలీసు బిడ్డలం ఇద్దరం ఉండేవాళ్ళం. నేను మోకాళ్ళ మీద వంగి, ఫాదర్ తర్వాతి పేరుకి వెళ్ళేదాకా తల ఎత్తలేదు.