స్కోరు చెప్పకూడని గది

మా కాక పోయాడు. ఈ మాట హాస్పిటల్ నుంచి ఒక మలయాళీ నర్సు ఫోన్లో హిందీలో చెప్పినప్పుడు నేను స్టోర్‌లో నిలబడి కొత్తగా వచ్చినవాళ్ళకు గ్లౌజులు ఇస్తున్నాను. "అచ్ఛా" అన్నాను. నోరు తెరిస్తే మూయడని కంపెనీ అంతటా పేరున్నవాడిని, ఆ పూట ఆ ఒక్క మాటతో ఫోన్ పెట్టేసి మిగిలినవాళ్ళకు గ్లౌజులు పంచాను. బయట రోడ్డు పొడవునా ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు జెండాలు కడుతున్నారు. ఆ కప్పు చూసి ఇంటికి పోదామని ఆగిన మనిషి, అది మొదలవకముందే పోయాడు. ఆయన ఆగడానికి సాయం చేసింది నేను. ఇది రాస్తున్నది అందుకే.

కాక నాకు చుట్టం కాదు. ఆయనది కోరుట్ల వైపు, నాది ఆర్మూర్ దగ్గర పల్లె. ఆయన ఎలక్ట్రీషియన్, నేను స్టోర్ కీపర్‌ని. ఇక్కడ గల్ఫ్‌లో, ముఐథర్ అనే పేటలో కంపెనీ అద్దెకు తీసుకున్న పాత విల్లాలో మాది ఒకే గది, ఎదురెదురు మంచాలు. అందరికంటే పెద్దవాడు కనుక గదిలో అందరికీ కాకే. ఆయన భార్యను మేమెవరం ఎదురుగా చూడలేదు, అయినా ఫోన్లో చిన్నమ్మా అనే పిలిచేవాళ్ళం.

మా గదిలో ఒక డబ్బా టీవీ ఉంది. అల్ ఘర్రాఫా పేటలో ఎవరో ఇంటి ముందు చెత్తడబ్బా పక్కన పెట్టేస్తే, కాక పికప్ డ్రైవర్‌ను బతిమాలి తెచ్చాడు. రెండు శుక్రవారాలు దాని ముందు కూర్చుని విప్పి, బిగించి, ఊది, తిట్టి, బొమ్మ తెప్పించాడు. మేమంతా చందా వేసి గోడకు తగిలించే టీవీ కొందామంటే ఒప్పుకోలేదు. "గోడకు యాలాడేది క్యాలెండర్‌రా. టీవీ అంటే దానికి ఈపు ఉండాలె," అనేవాడు. ఆ వీపు మా గదిలో ఒక మనిషి పడుకునేంత చోటు తినేసింది. నేను రోజూ దానికి మోకాలు కొట్టుకుని అరిచేవాడిని.

గల్ఫ్‌కు రాకముందు కాక కోరుట్లలో టీవీ మెకానిక్. ఒకటే చానల్ ఉన్న రోజులు. చెక్క తలుపులున్న టీవీలు, వాటి మీద చేత్తో కుట్టిన గుడ్డలు, మేడ మీద ఇనుప పైపుకు కట్టిన యాంటెన్నాలు. ఆ రోజుల గురించి చెప్పమంటే అన్నం చల్లారిపోయేది. అందులో ఒక కథ మాత్రం మాకు కంఠతా వచ్చు. షార్జాలో మన మీద చివరి బంతికి సిక్సర్ పడిన క్రికెట్ మ్యాచ్ అది. ఊళ్ళో సగం మంది ఒక బట్టల షావుకారు ఇంట్లో చూస్తున్నారు. సరిగ్గా చివరి ఓవర్లకు బొమ్మ పోయి చుక్కలు వచ్చాయి. మెకానిక్‌ను పిలవమన్నారు. మెకానిక్ అక్కడే ఉన్నాడు, ముందు వరసలో. మేడెక్కి పైపు పట్టుకుని తిప్పాడు. "వచ్చింది, వచ్చింది, అట్లనే పట్టుకో!" అని కింది నుంచి కేక. వదిలితే పోతుంది, పట్టుకుంటే ఉంటుంది. అలా పట్టుకుని నిలబడ్డవాడికి చివరి బంతి సంగతి కింద జనం పెట్టిన అరుపుతో తెలిసింది.

"నేను పట్టుకుంటెనే ఊరికి కనవడ్డది. నాకే కనవడలే," అనేవాడు నవ్వుతూ. చాలా ఏళ్ళ తరువాత ఎవరో ఆ ఓవర్‌ను ఆయన ఫోన్లో వేసి ఇచ్చారు. దాన్ని ఎన్నిసార్లు చూశాడో! పక్క గదిలోని పెషావర్ డ్రైవర్ ఆ చివరి బంతి కోసమే చాయ్ గ్లాసు పట్టుకుని మా గదికి వచ్చేవాడు. నేను ఊరుకోను కదా. "ఎన్నిసార్లు చూసినా ఫుల్‌టాసే పడ్తది కాకా," అనేవాడిని. "ఆగు, ఇయ్యాల యార్కర్ పడ్తదేమో సూద్దాం," అనేవాడు సీరియస్‌గా.

మా గదిలో ఉన్న ఒకే ఒక్క రూలు ఆ మేడ మీద పుట్టిందే. మాలో ఇద్దరు రాస్ లఫాన్‌కు గ్యాస్ ప్లాంటులో షిఫ్టు పనికి పోతారు. వాళ్ళ బస్సు వచ్చేసరికి మ్యాచ్ అయిపోయేది. కాక దాన్ని రికార్డు చేసి, టీవీ మీద తన ఎర్ర తువ్వాల కప్పేవాడు. తువ్వాల ఉందంటే ఇంకా చూడనివాడు ఒకడున్నాడని అర్థం. అప్పుడు గదిలో ఎవరూ స్కోరు ఎత్తకూడదు. గెలిచినా ముఖం మామూలుగా పెట్టాలి. అది నాకు చేతకాని విద్య.

ఒకసారి ఫుట్‌బాల్ మ్యాచ్ నాడు వాళ్ళింకా బూట్లు విప్పకముందే, "పెనాల్టీల్ల పోయింది!" అని అనేశాను. వాళ్ళలో ఒకడు పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాక మాత్రం నన్ను వంటగదిలోకి పిలిచి మెల్లగా చెప్పాడు. "పొద్దంత పైపుల నడుమ ఉడికి వచ్చిండ్రు. ఈ దేశంల వాళ్ళకని మిగిలింది ఆ రెండు గంటలే. అది గూడ నువ్వు తింటివి గదరా." చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఆ రోజు నుంచి నోరు కట్టుకోవడం నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, ఆ తర్వాత ఎప్పుడు విప్పాలో కూడా తెలియకుండా పోయింది.

కప్పు కోసం కడుతున్న ఒక స్టేడియంలో లైట్ల పని మా కంపెనీకి వస్తే, అది కాకకు పడింది. ఎత్తులో కేబుళ్ళు లాగే పని, ఆ వయసులో. మొదటిసారి సగం లైట్లు వెలిగించి చూసిన సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. అందరూ తల పైకెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. కాక తల దించుకుని గడ్డి అంచున నిలబడ్డాడు. ఏం పోయింది కాకా, వెతుకుతున్నవ్ అన్నాను. "నీడలు జూడు," అన్నాడు. ఆయన చుట్టూ నాలుగు దిక్కులా పల్చటి నీడలు పడ్డాయి. "టీవీల ఆటగాళ్ళకు గిట్లనే ఉంటుండె. ఒక్క మనిషికి గిన్ని నీడలేందని అప్పట్ల పరేశాన్ అయ్యెటోన్ని. ఇయ్యాల నాకు గూడ వచ్చినయ్." ఒక కాలెత్తి దించాడు. నీడలన్నీ కాలెత్తి దించాయి. ఇంత వయసొచ్చి ఇదేం ఆట అని నేను నవ్వాను. టికెట్ కోసం ప్రయత్నిద్దామా అంటే అక్కర్లేదన్నాడు. "స్టేడియం నేను జూసిన. మ్యాచ్ టీవీలనే జూస్త. నేనెక్కిచ్చిన లైట్ల కింద ఆడుతుంటే, మన డబ్బాల."

ఆ తరువాతే కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ గోలీలు మింగేవాడు. మ్యాచ్ మధ్యలో లేచి బాత్రూంలోకి పోయి కక్కుకుని వచ్చి, పాత టీవీ గొంతుతో "అంతరాయానికి చింతిస్తున్నాము" అని కూర్చునేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకు సిగ్గేస్తుంది. చివరికి నేనే బలవంతంగా హాస్పిటల్‌కు తీసుకుపోయాను. డాక్టరు ఈజిప్టు ఆయన, ఇంగ్లీషులో చెప్పాడు. కాకకు సైట్ ఇంగ్లీషు తప్ప రాదు. కడుపులో క్యాన్సర్ గడ్డ లివర్ దాకా పాకిందని, ఆపరేషన్ దశ దాటిపోయిందని, ఇక నెలల్లో లెక్క అని, తొందరగా ఇంటివాళ్ళ దగ్గరికి పంపమని డాక్టరు నాతో అన్నాడు. కాక మా ఇద్దరి వైపూ చూడలేదు. గోడ మీద మూగగా ఆడుతున్న టీవీ చూస్తూ కూర్చున్నాడు.

పార్కింగ్‌లోకి వచ్చాక నేను గొంతు సవరించుకున్నాను. కాక చెయ్యెత్తి ఆపాడు.

"నాకేం చెప్పకు. కప్పు అయ్యేదాక చెప్పకు. ఫైనల్ అయినంక నేనే అడుగుత."

"ఇది మ్యాచ్ కాదు గదా కాకా."

"నాకెరుకేరా. అందుకే చెప్పకంటున్న."

సరే అన్నాను. పాఠకులకు నిజం చెప్పాలి: ఆ క్షణం నాకు దుఃఖం కన్నా ముందు వచ్చింది ఊరట. ఆ కబురు నా నోటితో చెప్పే పని తప్పింది కదా అని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

సైట్ పనులు అయిపోయాయి కనుక కప్పుకు ముందే చాలామందిని కంపెనీ సెలవు మీద ఇళ్ళకు పంపింది. లైట్లు చూసుకోవడానికి కొద్దిమంది ఎలక్ట్రీషియన్లే ఉండాలి. "ఇంజనీర్ సాబ్‌తోని ఒక మాట అనరాదు, నన్ను ఉంచుమని," అన్నాడు కాక. అన్నాను. పాతవాడు, పని తెలిసినవాడు, ఉంటే మంచిదని గట్టిగానే చెప్పాను. ఆయన కోరాడు కాబట్టి చెప్పానని కొన్నాళ్ళు నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ అంతే కాదు. కాక లేకుండా ఆ టీవీ ముందు కూర్చోవడం నాకు ఇష్టం లేదు. జబ్బు పేరు ఎత్తకుండానే, "కాకా, ఈసారి ఇంటికి పో, కప్పు చిన్నమ్మతో కూర్చుని చూడు," అని ఒక్క మాట అనొచ్చు. దాంతో ఏ రూలూ తప్పేది కాదు. ఆ మాట నాకు తట్టలేదా, తట్టినా పక్కన పెట్టానా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ప్రతి శుక్రవారం చిన్నమ్మ ఫోన్ చేసేది. కాకతో మాట్లాడాక నాకు ఇవ్వమనేది. "వీడియోల సూస్తె మనిషి సగమయిండు. ఎట్లున్నడు నాయినా? నిజం చెప్పు," అనేది. "ఎండలకు చిన్నమ్మా. మంచిగనే ఉన్నడు," అనేవాడిని. కాక పక్కనే కూర్చుని నా వైపు చూడకుండా బట్టలు మడతపెట్టుకునేవాడు. స్కోరు దాచడం వచ్చేసింది నాకు, ముఖం మామూలుగా పెట్టడం కూడా. కానీ ఆ రూలు మా గదిది. తనకు తెలియకూడదని కోరుకున్నవాడి కోసం పెట్టింది. చిన్నమ్మ ఆ గదిలో లేదు. ఆమె స్కోరు చెప్పొద్దని ఎవరినీ అడగలేదు. వారం వారం స్కోరే అడిగింది.

నెలలన్న డాక్టరు మాట వారాలకే కుదించుకుపోయింది. ఒక ఉదయం డ్యూటీకి లేచినవాడు లేచినట్టే కూలబడ్డాడు. హాస్పిటల్‌లో చేర్చాం. మళ్ళీ మాట్లాడలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చావు కబురు కూడా నేను నేరుగా చిన్నమ్మకు చెప్పలేకపోయాను, ఊళ్ళో ఉన్న ఆమె తమ్ముడికి చెప్పి ఊరుకున్నాను. పెట్టె విమానంలో పోయింది. వెంట ఒక రాస్ లఫాన్ అబ్బాయి పోయాడు. నాకు సెలవు దొరకలేదని అందరితో చెప్పాను. నేను అడగనే లేదు.

దినాలు అయిన తరువాత చిన్నమ్మే ఫోన్ చేసింది. గదిలో మాట్లాడలేక విల్లా మెట్ల మీదకు వచ్చి కూర్చున్నాను. ఆమె గొంతు వెనక కత్తెర చప్పుడు. చిన్నమ్మ బీడీలు చేస్తుంది. మళ్ళీ పనికి కూర్చుని ఆకు కత్తిరిస్తోందన్నమాట.

"పెట్టెతోని వచ్చిన కాయిదాలు సూసి మా తమ్ముడు అంటున్నడు, రోగం సంగతి ముందుగాల్నే తెలుసునట. నీకెరుకనా?"

"ఎరుకే చిన్నమ్మా."

"ఆయినకు?"

"ఆయన చెప్పొద్దన్నడు. కప్పు అయ్యేదాక తనకు చెప్పొద్దన్నడు."

కత్తెర అదే తీరుగా ఆడుతోంది.

"నాకు గూడ చెప్పొద్దన్నడా?"

అవును అంటే నేను తప్పించుకుంటాను. పోయినవాడు లేచి వచ్చి కాదనడు. కానీ అవును అంటే, పోయేముందు మొగుడు తనను దూరం పెట్టాడన్న మాట బతికినన్నాళ్ళూ ఆమెకు మిగులుతుంది.

"లేదు చిన్నమ్మా. నీ గురించి ఏమనలే. నేనే చెప్పలే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఎరుకుంటే పిలుసుకుందును నాయినా," అంది. "ఇన్నేండ్లకు ఒక్క నెలన్న ఇంట్ల పండుకునేటోడు."

ఫోన్ పెట్టేస్తుందేమో అనుకున్నాను. పెట్టలేదు.

"దవాఖానకు పోయిన కాడి నుంచి చెప్పు. ఏం ఇడువకు."

మొదలుపెట్టాను. కంపెనీ బండిలో పోయామన్నాను. "ఏ అంగీ ఏసుకున్నడు?" అని అడిగింది. నీలం గీతలదన్నాను. "ఊఁ" అంది. పొద్దున ఏం తిన్నాడంది. రెండు రొట్టెలు తీసుకుని సగమే తిన్నాడన్నాను. డాక్టరు గదిలో ఎటు కూర్చున్నామో, ఎవరు ముందు మాట్లాడారో, కాక చేతులు ఎక్కడ పెట్టుకున్నాడో అన్నీ చెప్పాను. కత్తెర ఆడుతూనే ఉంది. డాక్టరు అన్న నెలల మాట దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

నేనూ ఆగాను. అక్కడ, వాళ్ళింటి ముందు నుంచి, ఏదో బండి పోయిన చప్పుడు వినిపించింది.

"ఊఁ, చెప్పు," అంది చిన్నమ్మ.